రక్తరసం పలికే సాక్ష్యం

ఇరవై యేళ్ళకు పైబడిన ముచ్చట. ఒకనాటి సాయంకాలం మా మేనమామగారికి ఛాతీలో నొప్పి వచ్చింది. ఊరిలోని వైద్యశాలలో గుండె పటం తీశారు. అది ఏ సంగతీ తేల్చలేదు. రక్తం తీసి సీసాలో పోసి, పరీక్ష నిమిత్తం పట్టణానికి బస్సులో పంపించారు. మరునాడు వచ్చిన కాగితం మీద రెండు అంకెలు ఉండవలసినదానికంటె ఎంతో హెచ్చుగా ఉన్నాయి. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలో హెచ్చే ఎంజైముల అంకెలవి. ఇంకేమున్నది? మా అత్తయ్య ఉన్నచోటనే కూలబడిపోయింది. దూరదేశంలో ఉన్న కొడుకుకు కబురు వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం చూడవచ్చిన వృద్ధ వైద్యుడొకాయన మాత్రం అంకెలు చదివి ఊరుకోలేదు. “ఆ సీసా ఏదీ?” అని అడిగాడు. దానిని తెప్పించి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. లేత గడ్డిరంగులో ఉండవలసిన రక్తరసం దానిమ్మరసంలాగ ఎర్రగా ఉన్నది. “ఇది మీ మామయ్య గుండె చెప్పిన మాట కాదు నాయనా, బస్సు కుదుపులు చెప్పిన మాట” అన్నాడాయన. మళ్ళీ జాగ్రత్తగా తీసిన రక్తంలో అంకెలు సవ్యంగానే వచ్చాయి. మామయ్య ఆ తరువాత పదిహేనేళ్ళు మా అందరి పెళ్ళిళ్ళలోనూ పెద్దరికం వహించాడు.

ఆ సీసాలో జరిగినదేమిటి? ఒక మనిషి నెత్తురు ఆ మనిషి మీదనే తప్పుడు సాక్ష్యం ఎందుకు చెప్పింది? ఈ ప్రశ్నకు సమాధానం వెతకబోతే, సుమారు నూరేళ్ళ చరిత్ర మన ముందు నిలుస్తుంది. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయాన్ని రచించినవాడు భీమవరంలో పుట్టిన తెలుగువాడు కావడం మనకు మరింత ఆసక్తి కలిగించే విషయం.

మొదట ఎంజైము అంటే ఏమిటో రెండు మాటలలో చెప్పుకుందాం. పాలు పెరుగు కావడానికి తోడు ఎటువంటిదో, శరీరంలో జరిగే వేలాది రసాయన క్రియలకు ఎంజైములు అటువంటివి. తాము ఖర్చు కాకుండా ఇతర పదార్థాలలో మార్పు తెస్తాయి. ఆ మార్పును ఎన్నోరెట్లు వేగవంతం చేస్తాయి. జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ క్యూనే 1870 దశాబ్దిలో వీటికి ఎంజైములని పేరు పెట్టాడు. 1897లో ఎడ్వర్డ్ బుఖ్నర్, ఈస్టు కణాలను ఇసుకతో నూరి పిండి తీసిన రసం కూడా చక్కెరను పులియబెట్టగలదని చూపించాడు. జీవకణం లేకపోయినా దాని పనితనం రసంలో నిలిచి ఉంటుందని లోకానికి అప్పుడు రూఢి అయింది. ఆయనకు 1907లో నోబెల్ బహుమానం లభించింది.

అయితే ఈ ఎంజైములను కొలవడం ఎట్లా? రక్తంలో ఉప్పును, చక్కెరను కొలిచినట్లు వీటిని తూచడానికి వీలులేదు. అవి అంత సూక్ష్మమైన మోతాదులలో ఉంటాయి. అందుచేత శాస్త్రజ్ఞులు ఒక ఉపాయం పన్నారు. గోడ అవతల ఎందరు కూలీలున్నారో కనిపించకపోయినా, గంటలో ఎన్ని బస్తాలు ఇవతలికి వచ్చాయో లెక్కపెట్టి వారి సంఖ్యను ఊహించవచ్చు గదా! అట్లాగే ఎంజైముకు పని అప్పగించి, నియమిత కాలంలో అది ఎంత పని చేసిందో కొలుస్తారు. ఉపాయం మంచిదే. కాని ఇందులోనే ఒక చిక్కు దాగి ఉన్నది. బస్తాలు మోసినవారందరూ మనం పిలిచిన కూలీలేనా? మధ్యలో మరెవరైనా చేయివేశారా? బస్తాలలో కొన్ని ముందునుంచీ అక్కడే పడి ఉన్నాయా? నెత్తురులో ఎంజైముల కొలత చరిత్ర అంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరిగినదే.

1923లో లండన్ నగరంలోని లిస్టర్ సంస్థలో రాబర్ట్ రాబిసన్ అనే ఆయన ఎముకలలో ఒక ఎంజైమును కనుగొన్నాడు. అది సేంద్రియ పదార్థాలతో ముడిపడి ఉన్న భాస్వరాన్ని విడదీస్తుంది. దానికి ఫాస్ఫటేస్ అని పేరు వచ్చింది. కొద్ది యేళ్ళకు హెచ్.డి. కే అనే శాస్త్రజ్ఞుడు ఎముకల జబ్బులలో ఈ ఎంజైము రక్తంలో హెచ్చుతుందని చూపించాడు. శరీరం లోపల దాగిన ఎముకల స్థితి, చేతి నరంలోంచి తీసిన నెత్తురులో తెలుస్తుందన్నమాట! వైద్యులకు ఇది కొత్త కన్ను దొరికినట్లయింది.

విడివడిన భాస్వరాన్ని కొలవగలిగితే ఎంజైము పనిని కొలిచినట్లే. సరిగ్గా ఆ పనిముట్టును సిద్ధం చేసినవారు అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో పనిచేస్తున్న సైరస్ ఫిస్క్, ఎల్లాప్రగడ సుబ్బారావుగారలు. సుబ్బారావుగారు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి, సముద్రాలు దాటి వెళ్ళారు. 1925లో ఈ ఇద్దరూ ప్రకటించిన పద్ధతిలో భాస్వరితానికి మాలిబ్డిక్ ఆమ్లాన్ని కలిపి, దానికి మరొక రసాయనం చేర్చగా నీలిరంగు పుడుతుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కన. రంగు చిక్కదనాన్ని పోల్చి చూచి భాస్వరం లెక్క కట్టవచ్చును. ఈ పద్ధతి దేశదేశాల ప్రయోగశాలలలో ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతో దశాబ్దాల తరబడి వాడుకలో ఉన్నది.

ఇక్కడ చెప్పుకోదగిన విశేషం ఒకటి ఉన్నది. ఈ పద్ధతితో కండరాల రసంలోని భాస్వరాన్ని కొలవబోయినప్పుడు నీలిరంగు మామూలుగా రాలేదు. మొదట వెనుకాడింది, తరువాత నిలకడ లేకుండా పెరుగుతూ పోయింది. మరొకరైతే, ఏదో పదార్థం అడ్డు తగులుతున్నదని విసుక్కొని, దానిని తొలగించే మార్గం చూచుకొని ఉండేవారు. వీరు ఆ అడ్డు తగిలినదెవరని అడిగారు. ఆమ్లంలో కొద్దికొద్దిగా విచ్చిపోతూ భాస్వరాన్ని వదిలే పదార్థం ఒకటి కండరంలో ఉన్నదని తేలింది. అదే ఫాస్ఫోక్రియేటిన్. 1927లో ఇంగ్లండులో ఎగిల్‌టన్ దంపతులు కూడా ఇటువంటి పదార్థం ఉనికిని గుర్తించగా, అది భాస్వరమూ క్రియేటినూ కలిసినదని ఫిస్క్, సుబ్బారావుగారలు నిరూపించారు. 1929లో వారే ఏ.టి.పి. అనే పదార్థాన్ని కూడా కండరంలో కనుగొన్నారు. జర్మనీలో కార్ల్ లోమన్ అదే యేడు దానిని విడిగా కనుగొన్నాడు. ప్రాణుల శరీరంలో శక్తికి చలామణీ నాణెం వంటిది ఈ ఏ.టి.పి. కొలతలో దొర్లిన తప్పనుకొన్నది, వెంబడించి చూస్తే, జీవరహస్యానికి దారి చూపింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఈ రెండు పదార్థాలూ చివరలో మళ్ళీ మనకు ఎదురుపడతాయి.

1933లో ఆరన్ బొడాన్‌స్కీ రక్తరసంలోని ఫాస్ఫటేస్‌ను కొలిచే పద్ధతి ఒకటి స్థిరపరచాడు. రక్తరసానికి గ్లిసరోఫాస్ఫేటు అనే పదార్థాన్ని అప్పగించి, విడివడిన భాస్వరాన్ని కొలవడం అందులోని కీలకం. అయితే రక్తరసంలో సహజంగానే కొంత భాస్వరం కరిగి ఉన్నది. అది ఎంజైము విడదీసినది కాదు. ముందుగా పడి ఉన్న బస్తాల వంటిది. కనుక ప్రతి పరీక్షకూ ఒక జోడు పరీక్ష అవసరమైంది. పని మొదలుకాకముందు ఉన్న భాస్వరాన్ని విడిగా కొలిచి, చివరి మొత్తంలోంచి తీసివేయాలి. అంతటితో తీరలేదు. ఎర్రకణాల కడుపులో సేంద్రియ భాస్వరం దండిగా ఉంటుంది. రక్తాన్ని గడ్డకట్టిన తరువాత వేరుచేయకుండా గంటల తరబడి ఉంచితే ఆ భాస్వరం విచ్చి, రక్తరసంలోకి ఊరుతుంది. అప్పుడు జోడు పరీక్షలో తీసివేయవలసిన అంకే పెద్దదై, మిగిలిన శేషం నమ్మదగినది కాకుండా పోతుంది.

మరుసటి యేడు, అంటే 1934లో, కింగ్, ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఇద్దరు వేరొక దారి తొక్కారు. వారు ఎంజైముకు ఫినైల్ ఫాస్ఫేటును అప్పగించి, భాస్వరానికి బదులు విడివడిన ఫినాలును కొలిచారు. భాస్వరం చిక్కు తప్పింది గాని, ఇంకొకటి వచ్చి పడింది. ఫినాలును రంగు తేల్చే ద్రావకం రక్తంలోని మాంసకృత్తులతో కూడా రంగు తేలుస్తుంది. అందుచేత మాంసకృత్తులను ముందుగా అవక్షేపం చేసి వడగట్టవలసి వచ్చింది. ఒక తలుపు మూస్తే మరొక కిటికీ తెరుచుకొన్నట్లు, పద్ధతి మార్చిన ప్రతిసారీ నెత్తురు వేరొక మూలనుంచి జోక్యం చేసుకొంటూ వచ్చింది.

ఇంతవరకూ ఇవి అంకెల చిక్కులు. తరువాత వచ్చినది ప్రాణాలతో ముడిపడిన చిక్కు. ఫాస్ఫటేస్‌లలో ఆమ్లగుణం గల ద్రావకంలో చురుకుగా పనిచేసే రకం ఒకటి ఉన్నది. అది పురుషులలో మూత్రాశయం దిగువనుండే ప్రాస్టేటు గ్రంథిలో పుష్కలంగా ఉంటుంది. ఆ గ్రంథిలో పుట్టిన క్యాన్సరు ఎముకలకు ప్రాకినప్పుడు ఈ ఎంజైము రక్తంలో హెచ్చుతుందని 1938లో న్యూయార్కులో ఎథెల్ గుట్‌మన్, అలెగ్జాండర్ గుట్‌మన్‌లు చూపించారు. 1941లో చికాగోలో ఛార్లెస్ హగ్గిన్స్, పురుష హార్మోనుల ప్రభావాన్ని తొలగిస్తే ఈ క్యాన్సరు తగ్గుముఖం పడుతుందని, దానితోపాటు రక్తంలోని ఆమ్ల ఫాస్ఫటేస్ కూడా దిగుతుందని నిరూపించాడు. ఆ కృషికి ఆయనకు 1966లో నోబెల్ బహుమానం వచ్చింది. అంటే ఈ అంకె పెరిగిందా తగ్గిందా అన్నదానిని బట్టి రోగికి శస్త్రచికిత్స నిర్ణయమయ్యే స్థితి ఏర్పడింది.

కాని ఎర్రకణాలలో కూడా ఆమ్ల ఫాస్ఫటేస్ ఉన్నది. సూదిలో కణాలు నలిగి చిట్లినా, సీసాను గట్టిగా కుదిపినా, ఆ ఎంజైము రక్తరసంలోకి వచ్చి, ప్రాస్టేటు గ్రంథినుంచి వచ్చినదానితో కలిసిపోతుంది. రెండూ ఒకే పని చేస్తాయి. ఇక పని చూచి పనివాడిని గుర్తించడమెట్లా? లేని జబ్బును ఉన్నదనుకొని, ఒక మనిషికి క్యాన్సరు ముద్ర వేసే ప్రమాదం ఇందులో ఉన్నది.

ఈ ముడిని విప్పినవారు అబుల్ ఫదల్, కింగ్. ఈ కింగ్, ఇంతకుముందు చెప్పుకొన్న కింగే. వారు 1940 దశాబ్ది చివర లండనులో రెండు ఎంజైములనూ పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క రసాయనాన్నీ వాటి మీద ప్రయోగించి చూచారు. కొద్దిపాటి ఫార్మాల్డిహైడు చేరిస్తే ఎర్రకణాల ఎంజైము చచ్చుబడుతుంది. ప్రాస్టేటు ఎంజైము చెక్కుచెదరదు. టార్టరేటు చేరిస్తే ఇందుకు విరుద్ధంగా ప్రాస్టేటు ఎంజైము పని మానుకొంటుంది; ఎర్రకణాలది తనదారిన తాను పనిచేసుకుపోతుంది. టార్టరేటు అంటే ఏదో విదేశీ వస్తువని భయపడనక్కరలేదు. మన వంటింటి చింతపండుకు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లపు లవణమే అది. కనుక ఒకే రక్తరసాన్ని టార్టరేటు లేకుండా ఒకసారి, టార్టరేటుతో ఒకసారి కొలిచి, రెండింటి భేదం తీస్తే గ్రంథి మాట విడిగా వినవచ్చును. ఆ పరీక్ష ఎందరో రోగులకు దారి చూపింది. కాలక్రమాన 1980 దశాబ్దినుంచి పి.ఎస్.ఏ. అనే వేరొక పరీక్ష దాని స్థానాన్ని ఆక్రమించింది. కాని గొంతులను వేరుచేసి వినే ఆ యుక్తికి మాత్రం విలువ తగ్గలేదు.

పాఠకులలో పాత రేడియో సెట్లు ఉన్నవారికి ఈ యుక్తి సులువుగా బోధపడుతుంది. రాత్రివేళ మధ్యతరంగాల మీద దూరపు కేంద్రాన్ని పట్టేటప్పుడు, పాట వెనుక మరో కేంద్రం వార్తలు వినిపిస్తాయి. శబ్దం పెంచితే రెండూ పెరుగుతాయి. చేయవలసినది శబ్దం పెంచడం కాదు. రెండవ కేంద్రాన్ని అణచగల స్థానానికి ముల్లును, ఏరియలును తిప్పడం. టార్టరేటు చేసిన పని ఇటువంటిదే.

ఇప్పుడు మా మామయ్య సీసాకు వద్దాం. 1954లో న్యూయార్కులో లాడ్యూ, వ్రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే ముగ్గురు వైద్యులు ఒక సంగతి ప్రకటించారు. గుండె కండరంలో కొంత భాగం నెత్తురు అందక చనిపోయినప్పుడు, ఆ కణాలలోని ట్రాన్స్‌అమినేస్ అనే ఎంజైము రక్తంలోకి కారుతుంది. ఎస్.జి.ఓ.టి. అనే పొడి అక్షరాలతో పరీక్ష కాగితాల మీద మన ఇళ్ళకు వచ్చినది ఇదే. మరుసటి యేడు లాక్టేట్ డీహైడ్రోజినేస్ అనే మరొక ఎంజైమును కూడా అట్లాగే కొలవవచ్చునని తేలింది. గుండె నొప్పి నిజమా కాదా అన్న సందేహం తీర్చడానికి వైద్యుల చేతికి నెత్తుటి సాక్ష్యం చిక్కింది.

వీటిని కొలవడానికి కార్మెన్ వాడిన సాధనం అందమైనది. ఎన్.ఏ.డి.హెచ్. అనే పదార్థం కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిలో 340 నానోమీటర్ల తరంగాలను మ్రింగుతుంది. అది పనిలో ఖర్చయిపోతే ఆ కాంతి అడ్డులేకుండా దాటిపోతుంది. జర్మనీలో ఆటో వార్‌బర్గ్ ఈ గుణాన్ని 1930 దశాబ్దిలో వెలికితీసి, ఎంజైముల కొలతకు ఉపయోగించాడు. కార్మెన్ ఎంజైముల జోడుబండి కట్టాడు. ట్రాన్స్‌అమినేస్ తయారుచేసిన పదార్థాన్ని రెండవ ఎంజైము అందుకొని, ఆ క్రమంలో ఎన్.ఏ.డి.హెచ్.ను ఖర్చుచేస్తుంది. కాంతి ఎంత వేగంగా తేటపడితే మొదటి ఎంజైము అంత ఉన్నట్లు లెక్క.

ఇక్కడ కూడా నెత్తురు ఊరుకోలేదు. పరీక్షకు కావలసిన ముఖ్యపదార్థం చేర్చకముందే ఎన్.ఏ.డి.హెచ్. తరగడం ప్రారంభించేది. కారణం, రక్తరసంలో సహజంగానే పైరువేటు వంటి పదార్థాలు కొంచెం ఉంటాయి. వాటిని మార్చే ఎంజైమూ అక్కడే ఉంటుంది. అవి రెండూ కలిసి, మనం పిలవకుండానే పనిలో దిగుతాయి. విరుగుడు ఓర్పు. ముఖ్యపదార్థాన్ని చేర్చకుండా కొంతసేపు ఆగితే, ఆ తిండి అయిపోయి, తరగడం ఆగుతుంది. అప్పుడు అసలు పని మొదలుపెట్టి కొలవాలి. పంక్తిలో పిలవని పేరంటాలు లేచేవరకు ఆగి వడ్డించినట్లన్నమాట.

ఎర్రకణం చిట్లితే మాత్రం ఓర్పు పనికిరాదు. ఎర్రకణం విచిత్రమైన ప్రాణి. దానిలో కేంద్రకం లేదు. ప్రాణవాయువును వాడి ఇంధనం మండించుకొనే సాధనమూ లేదు. ఒళ్ళంతటికీ ప్రాణవాయువు మోస్తూ, తాను మాత్రం దానిని ముట్టదు. చక్కెరను లాక్టేటుగా మార్చుకొని, ఆ కొద్దిశక్తితోనే సుమారు 120 రోజులు బతుకుతుంది. అందుకని దానిలో లాక్టేట్ డీహైడ్రోజినేస్ నిండుగా ఉంటుంది. రక్తరసంలోకంటె నూరు రెట్లకు పైబడి ఉంటుంది. ఘనమిల్లీమీటరు నెత్తురులో ఎర్రకణాలు దాదాపు 50 లక్షలు. లెక్క కట్టి చూడండి. నూటికి ఒక్క కణం చిట్లినా చాలు, రక్తరసంలోని కొలత ఇంచుమించు రెట్టింపవుతుంది. ట్రాన్స్‌అమినేస్ విషయంలో వ్యత్యాసం ఇంత లేకపోయినా, అదీ కణంలో పదుల రెట్లు హెచ్చే.

ఇందులో మరొక మెలిక ఉన్నది. ఈ ఎంజైముకు ఐదు రూపాలున్నాయని, ఏ అవయవంలో ఏ రూపం ఎక్కువో దానిని బట్టి జబ్బు చోటు పోల్చవచ్చునని 1950 దశాబ్ది చివరలో శాస్త్రజ్ఞులు తెలుసుకొన్నారు. ఒకే పని చేసే ఈ వేర్వేరు రూపాలకు 1959లో మార్కర్ట్, మోలర్ ఐసోజైములని పేరు పెట్టారు. చిక్కంతా తీరిందనుకొన్నారు. కాని గుండెలో ఎక్కువగా ఉండే రూపమే ఎర్రకణాలలోనూ ఎక్కువగా ఉన్నది! వేషమూ భాషా కూడా కలిసిన ఇద్దరిలో దొంగ ఎవరు, దొర ఎవరు? బస్సులో కుదిపి తెచ్చిన సీసా, గుండెపోటు వచ్చిన మనిషి నెత్తురు పలికిన మాటలనే పలికింది. మా అత్తయ్య విన్నది ఆ మాటలే.

చివరకు మన సుబ్బారావుగారి వద్దకు తిరిగి వద్దాం. 1959లో జపాను దేశంలో ఎబాషి, ఆయన సహచరులు కండరాలు క్షీణించే వంశపారంపర్య వ్యాధిలో క్రియేటిన్ కైనేస్ అనే ఎంజైము రక్తంలో మిక్కుటంగా హెచ్చుతుందని చూపించారు. కొద్దికాలానికే అది గుండెపోటును గుర్తించడానికి కూడా ఉపయోగపడింది. ఎర్రకణాలలో ఈ ఎంజైము లేదు. కనుక కణాలు చిట్లినా భయం లేదని మొదట అనిపించింది. దానిని కొలిచేది ఇట్లా: ఫాస్ఫోక్రియేటిన్‌నూ ఏ.డి.పి.నీ అందిస్తే ఎంజైము ఏ.టి.పి.ని తయారుచేస్తుంది, ఆ ఏ.టి.పి.ని జోడుబండితో కొలుస్తారు. ఫాస్ఫోక్రియేటిన్, ఏ.టి.పి. — 1920 దశాబ్దిలో హార్వర్డు ప్రయోగశాలలో ఒక మొండి నీలిరంగు వెంట నడిచి చేరుకొన్న ఆ రెండు పదార్థాలే ఇక్కడ కొలతకు ఆధారమైనవి.

అయితే ఎర్రకణాలలో అడినిలేట్ కైనేస్ అనే వేరే ఎంజైము ఉన్నది. అది ఫాస్ఫోక్రియేటిన్ వంక చూడదు. రెండు ఏ.డి.పి.లను చేరదీసి, ఒకదాని భాస్వరాన్ని రెండవదానికిచ్చి, ఏ.టి.పి.ని పుట్టిస్తుంది. కొలిచేవానికి ఏ.టి.పి. కనిపిస్తుందే గాని, దానిని ఎవరు చేశారో కనిపించదు. లేని క్రియేటిన్ కైనేస్ ఉన్నట్లు అంకె వస్తుంది. దీనిని అణచడానికి మొదట ఏ.ఎం.పి. అనే పదార్థాన్ని చేర్చారు. అది కొంతవరకే పనిచేసింది. 1973లో లీన్‌హార్డ్, సెసెమ్‌స్కీ అనేవారు ఆ అడినిలేట్ కైనేస్ నోటికి సరిగ్గా అతికి, దానిని పనిచేయనీయని అణువునొకదానిని వర్ణించారు. 1970 దశాబ్ది గడిచేలోగానే జర్మను శాస్త్రజ్ఞులు దానిని క్రియేటిన్ కైనేస్ పరీక్షలో ఏ.ఎం.పి.తో కలిపి వాడారు. ఆ జంట నేటికీ ప్రపంచమంతటా ఆ పరీక్ష ద్రావకంలో కాపలా కాస్తున్నది.

చెప్పుకొంటూపోతే ఇటువంటివి ఇంకా ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా సీసాలో వేసే మందులే కొన్ని ఎంజైములకు శత్రువులు. ఇ.డి.టి.ఏ. అనేది ఫాస్ఫటేస్‌కు ప్రాణమైన జింకును, మెగ్నీషియాన్ని పట్టేసుకొంటుంది. సిట్రేటు, ఆక్సలేటు, పిండిపదార్థాన్ని జీర్ణంచేసే అమిలేస్‌కు అవసరమైన సున్నపు ధాతువును లాగేస్తాయి. ఇవి తప్పుడు భయం కలిగించవు. అంతకంటె ప్రమాదకరంగా, ఉన్న జబ్బును కప్పిపుచ్చుతాయి. కామెర్ల రోగి రక్తరసపు పసుపు, నెయ్యి భోజనం చేసిన కొద్దిగంటలకు రక్తరసంలో తేలే పాలవంటి మరుగు, ఇవి కూడా కాంతికి అడ్డుపడి అంకెలను తారుమారు చేస్తాయి. కొందరి రక్తంలో అమిలేస్ మాంసకృత్తులతో పెనవేసుకొని పెద్ద ముద్ద అవుతుంది. మూత్రపిండాలు దానిని వడగట్టలేవు. క్లోమానికి ఏ జబ్బూ లేకపోయినా అంకె ఏళ్ళ తరబడి హెచ్చుగానే నిలుస్తుంది. 1960 దశాబ్దిలో ఈ సంగతి బయటపడేవరకు, అటువంటివారి క్లోమాన్ని ఊరికే అనుమానించక తప్పలేదు.

జోక్యమే జ్ఞానమైన ఉదాహరణ మరొకటి చెప్పి ముగిస్తాను. రక్తరసం ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమును పనిచేయనీయదని పంతొమ్మిదో శతాబ్ది చివరినుంచీ తెలుసు. 1963లో స్వీడను దేశంలో లౌరెల్, ఎరిక్‌సన్ అనేవారు కొందరి రక్తరసాలలో అట్లా అడ్డుపడే మాంసకృత్తు లోపించి ఉండడం గమనించారు. ఆ లోపం ఉన్నవారిలో పలువురికి ఊపిరితిత్తుల జబ్బు ఉన్నది. అంటే కొలతకు అడ్డుగా తోచినది నిజానికి ఊపిరితిత్తుల కాపలాదారు! ఫాస్ఫోక్రియేటిన్ కథే మరొకసారి జరిగినదన్నమాట.

నేటి పెద్ద ప్రయోగశాలలలో యంత్రాలు ప్రతి రక్తరసాన్నీ కొన్ని తరంగాల కాంతితో ముందుగా పరీక్షించి, ఎరుపు ఎంత, పసుపు ఎంత, మరుగు ఎంత అని తామే గుర్తు వేస్తున్నాయి. గుండెపోటును నిర్ణయించడానికి ట్రోపోనిన్ అనే మాంసకృత్తును కొలిచే పరీక్ష వచ్చి, పాత ఎంజైముల బాధ్యతను చాలావరకు తీసుకొన్నది. అయినా కాలేయానికి, కండరాలకు, ఎముకలకు ఎంజైముల కొలత నేటికీ తప్పదు. యంత్రం చెప్పలేనిది ఒకటి మిగిలే ఉన్నది. కణాలు సూదిలో చిట్లాయా, లేక మలేరియా వంటి వ్యాధివల్లనో, పాము విషంవల్లనో మనిషి ఒంటిలోనే చిట్లాయా? మొదటిదైతే ఆ నెత్తురును పారబోసి మళ్ళీ తీయాలి. రెండవదైతే ఆ ఎరుపే అసలైన సాక్ష్యం. దానిని పారబోస్తే రోగిని పారబోసినట్లే. ఆ విచక్షణ సీసాను, రోగిని కలిపి చూచే మనిషిది.

ఇంట్లో ఉండే మనకు ఇందులోనుంచి గ్రహించదగినది కొంచెమే గాని, విలువైనది. పరీక్షకు ముందు ఉపవాసం ఉండమంటే ఉండడం, వాడుతున్న మందులు చెప్పడం, సీసాను ఎండలో, బస్సులో, గంటల తరబడి తిప్పకపోవడం — ఇవి చాదస్తాలు కావు. ఇంటి మనిషి కళకు, వచ్చిన అంకెకు పొందిక కుదరనప్పుడు, మరొకసారి రక్తం తీయమని వైద్యుని అడగడం అవిశ్వాసమూ కాదు.

మా మామయ్య ఆ కాగితాన్ని చాలాకాలం తన పెట్టెలో దాచుకొన్నాడు. దాని వెనుక పెన్సిలుతో రెండవ పరీక్ష అంకెలు వేసి ఉండేవి. ఇంటికి వచ్చినవారికి రెండు వైపులా తిప్పి చూపించి, “ఇటు చదివితే నేను లేను, అటు చదివితే ఉన్నాను” అని నవ్వేవాడు. ఆ రెండు వైపుల మధ్య నిలబడినది, కిటికీ వెలుతురులో సీసాను ఎత్తి చూచిన ఒక వృద్ధుడి చేయి.